విన్నది విన్నట్టు

లేవడు. ఎవ్వలొచ్చి చెప్పినా లేవడు. పొద్దున తొమ్మిది కొట్టంగ జయపాల్ డైనింగ్ టేబుల్ కాడి కుర్చీ గుంజుకొచ్చి, నాలుగో అంతస్తుల లిఫ్ట్ ముందర ఏసుకొని, జాలీ తలుపు మూతపడకుండ నడుమ గొడుగు అడ్డంపెట్టి, ఛాతీ మీద చేతులు కట్టుకొని కూసున్నడు. పాతకాలం లిఫ్ట్ అది, జాలీ సాంతం మూస్తే గాని కదలదు. గొడుగు అట్ల ఉన్నంతసేపు, అబిడ్స్ పెద్ద పోస్టాఫీస్ ఎనక గల్లీల ఉన్న ఐదంతస్తుల సుగంధి టవర్స్‌కు లిఫ్ట్ లేదు. లేకుంటే లేకపాయె. మెట్లున్నయి, కాళ్లున్నయి, దిగుండ్రి. తిట్టేటోళ్లు తిట్టుండ్రి, తిట్లు ఇనుడు తనకు కొత్తనా? పైన మోటార్ గదిల పెద్ద చక్రం పాడైంది. ఆ చక్రం మీదనే తాళ్లు, తాళ్లకే లిఫ్ట్, లిఫ్ట్‌లనే మీ పిల్లలు, మీ గ్యాస్ సిలిండర్లు, మీ అత్తమామలు. పదకొండు రోజుల సంది చెప్తున్నడు. తన మంచం ఉన్న గోడకే లిఫ్ట్ గొట్టం ఆనుకొని ఉంటది. దిండు మీద తలపెడితే చాలు, చక్రం చుట్టుకొక్కసారి ధుబ్. మొన్నటిదాక ఒక్కటే ధుబ్. నిన్నటి సంది దాని ఎనకాలనే ఇంకొకటి, చిన్నగ, కాలు నొచ్చినోడు ఈడ్చుకుంట నడిచినట్టు. ఇనుము ఊకెనే కుంటుతదా?

"కాలింగ్ బెల్ ఇనపడదు గని, సాబ్‌కు లిఫ్ట్ రోగం ఇనపడ్డదంట!" పోయిన ఆదివారం మీటింగ్‌ల శ్యామ్‌సుందర్ అన్న మాట అది, అందరి ముందట. మూడో అంతస్తుల ఉంటడు, అబిడ్స్ రోడ్డు మీద బట్టల దుకాణం, మూడు తరాల సంది ఇక్కడోళ్లు, ఈ బిల్డింగ్‌కు సెక్రటరీ. మంచోడే. తన పెండ్లాం బెత్సీకి మోకాలి ఆపరేషన్ అయిన రోజు దవాఖానకు తన కారుల తీస్కపోయింది ఆయననే. కాని నోరు ఉన్నది జూసినవా, దానికి జాలీ తలుపు లేదు. అందరు నవ్విన్రు. నవ్వుండ్రి. చెవుల డాక్టర్ నాంపల్లిల కాయిదం మీద గీత గీసి చూపిచ్చిండు: సన్నటి చప్పుళ్లు పోయినయి, కాలింగ్ బెల్, కుక్కర్ ఈల, పక్కింటి ఆడపిల్లల మాట, అన్నీ పోయినయి, బొంగురు చప్పుళ్లు మాత్రం పాతికేండ్ల పిలగానికి ఉన్నట్టు ఉన్నయి. ఎట్ల పోయినయో డాక్టర్‌కు చెప్పాల్నా? పన్నెండేండ్లు నేవీ హెలికాప్టర్‌ల, నెత్తి మీదనే గేర్ల పండ్ల చక్రాలు కీఁ అని ఒర్రుతుంటే, కింద నీళ్లల్ల ఇంకేదో ఇనాలె. ఒర్రేది సన్నటి చెవిని తినేసింది. ఇనాల్సింది బొంగురుది, అది మిగిలింది. ఇదంత మీటింగ్‌ల చెప్పబోతే రజని టీచర్ చేయి ఊపి, "అంకుల్, జర నెక్స్ట్ పాయింట్‌కు పోదాం" అన్నది. నెక్స్ట్ పాయింట్ నీళ్ల ట్యాంకు.

మోటార్ గది తాళం శ్యామ్‌సుందర్ తాన ఉన్నది. ఇయ్యడు. సర్వీస్ చేసినోళ్లు మంచిగున్నదని రాసిచ్చిన కాయిదం చూపిస్తడు. ఇయ్యకు. గొడుగు నా తాన ఉన్నది. మెకానిక్ వెంకీకి పొద్దుగాల ఎనిమిదిన్నరకే ఫోన్ చేస్తే, "కాచిగూడ కాడ లాడ్జిల ఒకటి నిలబడ్డది సార్, అది చూసి సీదా మీ తానకే" అన్నడు. ఆయనొచ్చి, పైకి ఎక్కి, చేత్తో ముట్టి చూసేదాక ఈ కుర్చీ కదలదు. కదిలితే తన పేరు జయపాలే గాదు.

కుర్చీ కాళ్లల్లకెల్లి నేల గుర్రుమంటున్నది. అది నాంపల్లి స్టేషన్‌ల డీజిల్ ఇంజన్. దాని మీద అబిడ్స్ రోడ్డు హోరు, ఆ హోరు మీద రెండో అంతస్తు మిక్సీ. ఇంతేనయ్యా సముద్రం గూడ. సముద్రం సైలెంటుగ ఉంటదని ఎవడు చెప్పిండో వాని చెవులు పిండాలె. వాన పడితే ఒక చప్పుడు, రొయ్యలు పటపటమంటే ఒక చప్పుడు, పది కోసుల అవతల పోయే సరుకు ఓడ గుడగుడ ఒక చప్పుడు. అన్నీ జరిపి పక్కన పెట్టి, ఆ అడుగున ఒక్క ధుబ్. సబ్‌మెరైన్ పంక తిరిగే చప్పుడు. ఎన్ని రెక్కలు, ఎంత జోరు, వేళ్ల మీద లెక్కబెట్టాలె. యూనీస్‌కు తొమ్మిదేండ్లప్పుడు అన్నం తినిపియ్యనీకి ఇదే ముచ్చట చెప్పెటోడు. బెత్సీ చెల్లె డోర్కాస్ పోయినంక ఆమె బిడ్డ ఈ ఇంటికే వచ్చింది, వచ్చిన కొత్తల నెల రోజులు నోరు తెరవలే, బువ్వ ముట్టలే. అప్పుడు తాను కంచాన్ని సముద్రం జేసిండు. ఇగో బిడ్డా, ఈ పప్పుల సబ్‌మెరైన్ దాక్కున్నది. ఈ పెద్ద గంటె ఉన్నది జూడు, ఇది ఒడ్డు మీదికెల్లి వచ్చే పెద్ద విమానం. గంటలకు గంటలు తిరుగుతది, వరుసగ మైకులు కట్టిన డబ్బాలు నీళ్లల్ల జారిడుస్తది, అవి ఇని రేడియోల చెప్తయి. నాలుగు పంకలదాన్ల గోవాల నేను నాలుగేండ్లు తిరిగిన. దాని తోకకు కొండి ఉంటది, కింద ఇనుము ఉంటే ఆ కొండికి తెలుస్తది, కాకపోతే నీళ్ల మీదికి బాగ దిగి పోవాలె. అరక్కోణంల ఎనిమిది పంకల భూతం ఇంకొకటి ఉండె. చెంచా ఏందంటే, రెండింజన్ల చిన్న విమానం, తీరం ఎంట తిరుగుతది, రాడార్‌తోని నీళ్ల పైన ఉన్నదాన్ని చూస్తది. సబ్‌మెరైన్ ఊపిరికి తల బయటపెట్టాల్నంటే దానికి జడుస్తది. మరి ఈ నిమ్మకాయ? ఇదే మీ పెద్దనాయిన హెలికాప్టర్. ఓడ మీదికెల్లి లేస్తది, నీళ్ల మీద కదలకుండ నిలబడతది, బాయిల బొక్కెన ఏసినట్టు తీగకు కట్టిన సోనార్‌ను, నీళ్లల్ల ఇనే మిషన్‌ను, దించుతది. పైన నీళ్లు ఎచ్చగ, కింద నీళ్లు సల్లగ; ఆ ఎచ్చటి పొర కింద దాక్కుంటది అది, ఓడకు దొరకదు. మేం పొర కిందికే దించుతం. కేకేస్తం, ఇంటం, గుంజుకుంటం, ఇంకోతాన ఏస్తం. దూరం పోయి వాసన పట్టేది పెద్ద విమానం, దగ్గరికొచ్చి కాలర్ పట్టేది మేము. "మరి నువ్వేం జేస్తవు పెద్దనాయినా?" నెల రోజులకు ఆ పిల్ల మాట్లాడిన మొదటి మాట అది. ఇంట బిడ్డా. "ఊకె ఇంటవా?" ఊకె ఇంట. ఆ పూట కంచం ఖాళీ అయింది.

ఆ పిల్ల పెండ్లే ఇయ్యాల. పదకొండింటికి, ఇంటికి అర కిలోమీటరు లేని అబిడ్స్ చర్చిల. పిలగాడు ఆశీష్, మెదక్ దిక్కు, నిమ్మలమైనోడు. పెండ్లిపిల్ల రాత్రే దోస్తుల తోని హాల్‌కు పోయింది. తల్లి జాగల నిలబడాల్సింది బెత్సీ. బెత్సీకి మోకాలు మార్చి ఆరు వారాలు. డాక్టర్ మెట్ల పేరు ఎత్తొద్దన్నడు. అందుకే ఈ పొద్దు ఇంత గోస. తొమ్మిదింటి సంది లోపల్నే చీర కట్టుకుంటున్నది, తాను కుర్చీ గుంజుకొచ్చింది చూసింది, ఒక్క మాట అనలే. అనకపోవుడే భయం. తిడితే మంచిగుండు. పెండ్లాం గిట్ల చప్పుడు జెయ్యకుంటే దాన్ని ఏ సోనార్ పట్టలేదు.

వేరే రోజు దొరకలేదా అంటరు. అదే అన్నడు శ్యామ్‌సుందర్ గూడ, మెట్లెక్కొచ్చి, రొప్పుకుంట. "జయపాల్ సాబ్, గిదేం జబర్దస్తీ? మీ ఇంట్లనే షాదీ పెట్టుకొని? జర సోచాయించుండ్రి!" సోచాయించిన కాబట్టే కూసున్ననయ్యా. రాత్రి రెండో ధుబ్ ఇన్నంక, పొద్దున బెత్సీ ఎక్కే లిఫ్ట్ అది అని తెల్వదా తనకు? "పడుతదని మీకు పక్కానా? చెప్పుండ్రి, పక్కానా?" అని నిలదీసిండు. పక్కా అని ఎట్లంటడు? చూడలే గద. గొడుగును ఇంకింత లోపలికి దోపిండు. "చూసిన్రా!" అని గెలిచినోని లెక్క చేతులు దులుపుకొని దిగిపోయిండు ఆయన. గొడుగు తీసే ధైర్యం మాత్రం చెయ్యలే.

వాళ్ల పనిల నాలుగు మాటలుంటయి. చప్పుడు ఇన్నోడు నాలుగింట్ల ఒకటి చెప్పాలె, ఐదోది లేదు. నాన్‌సబ్ అంటే అది సబ్‌మెరైన్ కాదు. పాసిబుల్ అంటే కావచ్చు. ప్రాబబుల్ అంటే అదే అనిపిస్తున్నది, నా పేరు మీద రాసుకోండ్రి. సర్టెన్ అంటే ఖాయం, అది కండ్లతోని చూస్తే గాని అననీకి లేదు, ఎంత మొనగాడైనా సరే. ఆ మాటను బట్టే ఓడలు మళ్లుతయి, విమానాలు లేస్తయి. అందుకని మాట చెప్పెటోని నాలిక మీద ఎంత బరువుంటదో ఈ బట్టల సేటుకేం తెలుస్తది? ఎనభై ఏడుల, కొచ్చి అవతల, ఉత్త ఆట అది, మన సబ్‌మెరైన్‌ను మనమే ఎతుక్కునే ఆట. తనకు ఇరవై ఏడేండ్లు. నాలుగోసారి సోనార్ దించినంక ఇనపడ్డది, అడుగున, నిమ్మలంగ, ధుబ్ ధుబ్. పాసిబుల్ అన్నడు. ముందర కూసున్న ఆఫీసర్ నవ్వి, తిమింగలం గిట్ల ఉన్నదా చూడవోయ్ అన్నడు. ఆయన ఊకెనే అన్నడు, అడుగుడు ఆయన పని. మాట మార్చమని అనలే, పాపం. మార్చింది తాను. నవ్విన్రు అని సిగ్గయి, చిన్నోన్ని అని జంకి, నాన్‌సబ్ సార్ అని తన నోటితోని తనే అన్నడు. సోనార్ గుంజుకొని ఇంకోతానకు పోయిన్రు. పావుగంట గాలే, తమ ఓడ పక్కన నీళ్లల్లకెల్లి పచ్చటి పొగ లేచింది. ఏసేసినం, మీ ఓడ మునిగింది, అని దానర్థం. ఎవ్వలు తిట్టలే. ఆటనే గద. రాత్రి అన్నం కాడ వంటాయన గంటె నింపి కంచంల ఏసి, "తిను తమ్మీ, సచ్చినోని చేతి బువ్వ, మళ్ల దొరకదు" అన్నడు. అందరు పగలబడి నవ్విన్రు. తాను గూడ నవ్విండు. నవ్వుకుంటనే లెక్కబెట్టిండు ఆ బెంచీల మీద కూసున్నోళ్లను, చారు జుర్రుకునెటోన్ని, ఇంటికి ఉత్తరం రాసెటోన్ని, చెంచాతోని డప్పు కొట్టెటోన్ని. ఒక్కొక్కన్ని తనే సంపిండు. కావాల్నని గాదు, మొహమాటానికి. ఆ దినం సంది విన్నది విన్నట్టు చెప్పుడే, ఎవ్వడన్న నవ్వనీ, ఏడ్వనీ.

పది దాటింది. వెంకీ ఫోన్ చేసిండు, మొజంజాహీ మార్కెట్ కాడ ట్రాఫిక్‌ల ఇరికిండంట. పండ్ల దుకాణాల ముందర బండ్లన్నీ నిలబడ్డయంట. ఎగిరి రమ్మంటే వస్తడా? తాను కూసొని ఉండాలె, అంతే. వాళ్ల పనిల ఇంకొక పద్ధతి ఉన్నది: దొరికినదాన్ని ఇడిచి పోరాదు. ఆయిల్ అయిపోవచ్చినా, నడుములు పడిపోయినా, ఇంకో హెలికాప్టర్ వచ్చి, దాని సోనార్ దించి, నాకు దొరికింది నువ్వు పో అన్నంకనే కదలాలె. ఆ ఒక్క మాట కోసం ఎన్నిసార్లు ఎర్రగీత మీద ముల్లు పెట్టుకొని గాలిల నిలబడ్డరో. తలుపు తెరుచుకున్నది. బెత్సీ. నీలం కంచిపట్టు, తలల మల్లెలు, చేతిల వాకర్. అయ్యో, ఎంత మంచిగున్నది.

గొడుగు దిక్కు చూసింది. తన దిక్కు చూసింది. లిఫ్ట్ లైటు ఎలుగుతున్నది, ఎక్కుమన్నట్టు.

"జరుగు" అన్నది.

"జరగ."

"యూనీస్ తల్లి లేని పిల్ల. నేను పోకుంటే ఆ జాగల ఎవ్వలుండరు. తెలుసా నీకు?"

తెలుసు. తెలుసే బెత్సీ, తెల్వకుంటే ఇంత గోస ఎందుకు? లేచి జరిగితే నిమిషంల కింద ఉంటవు. వెయ్యిసార్లు దిగింది ఈ లిఫ్ట్, ఇంకొక్కసారి దిగదా? దిగుతదేమో. పదకొండు రోజుల సంది దిగుతనే ఉన్నది గద. ఎంత అల్కగ వస్తది నోట్లకు ఆ మాట, నాన్‌సబ్. వచ్చింది నాలిక కొసకు. పండ్లు బిగబట్టిండు.

"సరే, చెప్పు" అన్నది బెత్సీ, వాకర్ మీదికి వంగి, తనకు ఇనపడాల్నని మొగోళ్ల లెక్క బొంగురు గొంతు చేసి. ముప్పై ఎనిమిదేండ్ల కాపురం. పాలు ఇరిగినయా అని అడిగినా, యూనీస్‌కు టైఫాయిడా అని అడిగినా, ఆశీష్ మంచోడేనా అని అడిగినా ఇట్లనే అడుగుతది. "ఏ మాట?"

ఇప్పుడు సర్టెన్ అంటే ఆమెకు ధైర్యముంటది, తన పరువు నిలుస్తది. చూడలే. చూడనిది అనడు, పెండ్లానికైనా అనడు.

"ప్రాబబుల్" అన్నడు.

బెత్సీ తల ఊపింది. వాకర్‌ను గోడకు ఆనించింది. కొంగు నడుములకు దోపింది, పక్క కమ్మీ పట్టుకొని, ఆపరేషన్ కాలు ముందుకు చాపి, కంచిపట్టు చీరతోని మొదటి మెట్టు మీద చతికిలబడ్డది. తరువాత రెండు చేతులు ఆనించి కింది మెట్టు మీదికి జారింది. ఆ తరువాత ఇంకొకటి.

"ఓయమ్మో, బెత్సీ!" అని లేవబోయిండు.

"లేచినవో, సంపుత!" అన్నది తల తిప్పకుండనే. "నువ్వు లేస్తే నేను గిట్ల ఎందుకు దిగుతున్నట్టు?"

కూసున్నడు. బెత్సీ మలుపు తిరిగి కనపడకుంట పోయింది. గాజులు గలగలమని ఉంటయి, తనకు ఇనపడవు. ఆమె మెట్టు మెట్టుకు దిగబడే చప్పుడు మాత్రం నేలకెల్లి, కుర్చీ కాళ్లకెల్లి, ఎన్నుపూసలకెల్లి ఎక్కుతున్నది. ఆరు. ఏడు. ఎనిమిది కాడ ఆగింది. ఎందుకాగింది? కాలు గుంజిందా, దేవా, పడ్డదా? పడితే ధుబ్ పెద్దగొస్తది, రాలే. తొమ్మిది. హమ్మయ్య, తొమ్మిది. కండ్లల్ల నీళ్లు బొటబొట కారినయి, తుడుచుకోలే. ఎంతమంది ఆఫీసర్లు, ఎన్ని సముద్రాలు, ఎన్ని మిషన్లు. తన ఒక్క మాట పట్టుకొని ఎవ్వలన్న ఇంత దూరం పోయిన్రా? పద్నాలుగు. పదిహేను.

మూడో అంతస్తుల ఏదో గొడవ. కాసేపటికి శ్యామ్‌సుందర్ మెట్లెక్కి వచ్చిండు. మొఖం మారిపోయి ఉన్నది.

"లేవుండ్రి సాబ్. నేను కూసుంట."

"నువ్వు నమ్మవు గద. నేను పోంగనే గొడుగు తీస్తవు."

"మిమ్మల్ని ఇప్పటికీ నమ్మలే" అన్నడు శ్యామ్‌సుందర్. "మీ ఇంటామెను నమ్మిన. నా గుమ్మం ముందట పట్టుచీరతోని నేల మీద దేకుకుంట పోతున్నది. కుర్చీల కూసోబెట్టి మోసుకపోతమంటే, 'ఇంకెవ్వలన్న లిఫ్ట్ ఎక్కితే ఆపనీకి పైన ఒకడే ఉన్నడు, పోయి ఆయనకు తోడు కూసో' అన్నది. లేవుండ్రి. నా పిల్లల మీద ఒట్టు, వెంకీ వచ్చేదాక ఈ గొడుగు కదలదు."

"నాకు అప్పజెప్పి నువ్వు పో, అని నోటితోని అను."

"ఏంది?"

"అనవయ్యా."

"నాకు అప్పజెప్పి... మీరు పోండ్రి."

పోయిండు. అరవై నాలుగేండ్లోడు రెండేసి మెట్లు దుంకుకుంట పోయిండు. రెండో అంతస్తు మలుపు కాడ దొరికింది బెత్సీ, చెమటలు గారంగ, మల్లెలు ఒక దిక్కుకు జారంగ. ఎత్తుకుంటనంటే వద్దన్నది. చెయ్యిస్తనంటే వద్దన్నది. "రెండంతస్తులు దిగిన, ఉన్నయి దిగలేనా?" సరేనని తను గూడ ఇస్త్రీ ప్యాంటు, తెల్ల అంగీ తోని ఆమె పక్కన మెట్టు మీద కూసొని జారిండు. బెత్సీ ఎగాదిగా చూసింది. "నీకేమైందయ్యా, నీ మోకాళ్లు మంచిగనే ఉన్నయి గద?" ఉండనీ, అన్నడు. ఇద్దరు పక్కపక్కన, మెట్టు మెట్టు. వెంకీ సంచి భుజానేసుకొని ఎదురొచ్చిండు. నలభై దాటిన మనిషి, ఈ జంటను చూసి నోరెళ్లబెట్టి, గోడకు ఒత్తుకొని, వాళ్లను దాటి పైకి పోయిండు. ఏమి అడగలే, మంచిపని చేసిండు.

ఆఖరి మెట్టు మీద కూసొని ఊపిరి తీసుకుంటున్నరు. పెండ్లికి ఇంక ఇరవై నిమిషాలే ఉన్నది, బయట కారు హారన్ కొడుతున్నదని బెత్సీ చెప్తే తెలిసింది. అప్పుడే పైనకెల్లి శ్యామ్‌సుందర్ చెప్పులు లేకుండ ఉరికొచ్చిండు, రెండు చేతులు జోడించి, మాట తడబడుకుంట. "సాబ్... మెయిన్ బంద్ చేసేసిండు వెంకీ... చక్రం ఇరుసు పగిలింది సాబ్, పగులుల గోరు పెడితే గోరు దూరుతున్నది... వారం గూడ ఆగకపోవు, ఇయ్యాలనో రేపో ఇరిగి లిఫ్ట్ పడేదే అంటున్నడు... బెత్సీ మేడమ్, ఇన్నరా? మీ సాబ్ చెప్పింది నిజమే!"

బెత్సీ జయపాల్ భుజం మీద చెయ్యేసి, బరువంత ఆనించి, లేచి నిలబడ్డది. చీర ఎనక దుమ్ము చేత్తోని కొట్టుకున్నది. శ్యామ్‌సుందర్ దిక్కు చూసి, "గా ముచ్చట నాకెందుకు చెప్తున్నవన్నా?" అన్నది. "నేను దిగినంక."